దూడ లేని చేపు

గేదె చేపాలంటే దూడ ఉండాలి. అది మూతితో పొదుగును కుమ్ముతుంటే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ నెత్తురులో కలుస్తుంది, పాలు చన్నుల్లోకి దిగుతాయి. విన్సెంట్ డు వీన్యో అనే అమెరికా శాస్త్రవేత్త 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇప్పుడు చాలా పాకల్లో ఆ కృత్రిమ హార్మోన్ సూది దూడ చోటు ఆక్రమించింది. మన చర్చ మాత్రం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: ఆ పాలు తాగితే మనకేమవుతుంది? అడగాల్సిన ప్రశ్నల్లో అది చివరిది.

ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. కడుపులోకి వెళ్తే జీర్ణరసాలు దాన్ని తుంచేస్తాయి. ఆడపిల్లలు త్వరగా పెద్దమనుషులవడానికి ఈ పాలే కారణమన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. పాలలో దోషం లేనప్పుడు సూదిలో తప్పేమిటని పాడివాళ్లు అడగవచ్చు. తప్పు మన గ్లాసులో లేదు, గేదె ఒంట్లో ఉంది. ఈ మందు పొదుగుతో ఆగదు, గర్భసంచినీ బిగిస్తుంది. మనుషుల్లో కాన్పు నొప్పులు రావడానికి ఇచ్చేదీ ఇదే. పూటపూటా పొడిస్తే సూది లేనిదే చేపని స్థితికి పశువు చేరుతుంది. పాల కోసం పశువు ఆరోగ్యానికి చేటు చేసే మందులు ఎక్కించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

అయితే మందునే ఆపేయాలా? 2018లో కేంద్రం దాదాపు ఆ పనే చేసింది. దేశ అవసరాలకు ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారుచేయకూడదని, ప్రభుత్వ రంగంలోని కర్ణాటక యాంటీబయాటిక్స్ ఒక్కటే చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. ఎలుక మీది కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. కాన్పయ్యాక రక్తస్రావాన్ని అరికట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగా సూచించే మందు ఇది. ఒక్క ఫ్యాక్టరీలో పని ఆగితే ప్రమాదంలో పడేది బాలింతలు. లేబులూ లైసెన్సూ లేకుండా అమ్ముడయ్యే సీసాలు, లైసెన్సున్న కంపెనీని మూయించినంత మాత్రాన ఆగవు. ఆ ఏడాది డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వును కొట్టేసింది. గేదె మీద జాలి తల్లుల ప్రాణాల మీదికి రాకూడదు. నిఘా ఉండాల్సింది పాక దగ్గర, దొంగ సీసాలమ్మే దుకాణం దగ్గర.

దూడ చచ్చిపోయిన పేద రైతు ఏం చేయాలన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయలేం. పొదుగు నిమరడం, పితికేటప్పుడు దాణా పెట్టడం, రోజూ ఒకే చెయ్యి పితకడం వంటి పాత పద్ధతులు కొంత ఆదుకుంటాయి, అన్నిసార్లూ కాదు. కానీ దూడలన్నీ వాటంతటవే చావడం లేదు. మగదూడకు బజారులో ధర లేదు, అది తాగే పాలకు ఉంది. అందుకే దాని వాటా కూడా క్యానులోకి వెళ్తోంది. సూది ఆ లెక్కకు సాయం మాత్రమే చేస్తోంది. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు, పాకలో దూడ ఉందా అని ఎవరూ అడగరు. దూడను బతికించుకున్న రైతుకు లీటరుకు రూపాయో రెండో ఎక్కువిస్తే, దాన్ని చంపుకోవడం వల్ల మిగిలే లాభం తగ్గుతుంది. ఆ రూపాయి మన జేబులోంచే పోవాలి, ఎందుకంటే దూడ నోటి దగ్గర తీసిన పాలు చేరుతున్నది మన కాఫీలోకే.