ఆ ఫారంలో ‘తెలుగు’ అనే రాయండి

అమెరికాలో బడులు తెరిచే రోజులొస్తే అక్కడి మనవాళ్ల నుంచి నాకు ఒకటే ప్రశ్న. ‘‘పిల్లాణ్ని స్కూల్లో చేర్పిస్తున్నామండీ. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడిగారు. తెలుగని రాస్తే ఈఎస్‌ఎల్ క్లాసులో వేసేస్తారట. ఇంగ్లిష్ అని రాసేయమా?’’

వద్దు. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఆ ఫారం చూసి మాత్రమే ఎవరినీ ఈఎస్‌ఎల్‌లో వేయరు. తెలుగని రాస్తే వయసుకు తగ్గ చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ సరిపడా వస్తే మామూలు క్లాసే. రాకపోతేనే అదనపు బోధన. మీరు ఇంగ్లిష్ అని రాస్తే ఆ పరీక్షే జరగకపోవచ్చు. అవసరమున్న పిల్లాడు నోరు మెదపకుండా వెనక బెంచీలో కూర్చుంటాడు.

ఈ బోధన స్కూలువాళ్లు దయతలచి ఇచ్చేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనా సంతతి పిల్లలు దాదాపు 1,800 మందిని అలాగే వదిలేస్తే, తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అందరికీ అవే పుస్తకాలు, అదే టీచరు ఉన్నంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ‘లౌ వర్సెస్ నికల్స్’ కేసు. 1981లో మరో కోర్టు ఇంకాస్త ముందుకెళ్లింది. బోధన పద్ధతికి సరైన ఆధారం ఉండాలి, దానికి తగ్గ టీచర్లు, వనరులు ఉండాలి, ఫలితం కనిపించాలి అంది.

‘‘మావాడు గడగడా మాట్లాడేస్తాడండీ’’ అంటారు కొందరు. సంతోషమే. కానీ ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లిష్ వేరు, సైన్సు పాఠం చదివి సొంతంగా జవాబు రాసే ఇంగ్లిష్ వేరు. మొదటిది రెండేళ్లలో పట్టుబడుతుందనీ, రెండోదానికి అయిదేళ్లు, ఆపైనే పడుతుందనీ కెనడా పండితుడు జిమ్ కమిన్స్ ఏనాడో చెప్పారు.

అలాగని అన్ని స్కూళ్లూ బాగా చెబుతాయని నేననను. లెక్కల క్లాసు మధ్యలోంచి పిల్లాణ్ని లేపి తీసుకెళ్లే చోట్లూ ఉంటాయి. అందుకే అడగాలి. వారానికి ఎన్ని నిమిషాలు చెబుతారు? ఆ టైములో ఏ పాఠం పోతోంది? చెప్పే టీచరుకు ఇందులో శిక్షణ ఉందా? ఏ స్కోరు వస్తే బయటికొస్తాడు? పిల్లాణ్ని ఈఎస్‌ఎల్‌కి ఎంపిక చేస్తే, బడి తెరిచిన 30 రోజుల్లోగా మీకు తెలియజేయాలి. ఇష్టం లేకపోతే వద్దని చెప్పే హక్కూ మీకుంది. అయితే, వద్దన్నా, ఇంగ్లిష్ వచ్చిందని తేలేదాకా ఏటా పరీక్ష మాత్రం తప్పదు.

ఇంకో మాట. స్కూలు కోసమని ఇంట్లో తెలుగు మానేయకండి. అమ్మానాన్నలతో మనసువిప్పి మాట్లాడుకునే భాష పిల్లాడి ఇంగ్లిష్‌కి అడ్డం రాదు. పడుకునే ముందు ఆ కథేదో తెలుగులోనే చెప్పండి.