శిశుపోషణము: ఇన్సులిన్ పంపు, బిడ్డ చర్మము

1922 జనవరి 11వ తేదీన టొరంటో నగరమందు 14 ఏండ్ల లియోనార్డ్ థాంప్సన్ అను బాలునకు తొలిసారి ఇన్సులిన్ నిచ్చిరి. సూది గ్రుచ్చినచోట గడ్డ లేచెను. మందును శుద్ధిచేసి 23వ తేదీన మరల నిచ్చిన పిమ్మటనే గుణము కనబడెను. చర్మమును గూర్చిన చింత నాటినుండియు ఈ మందు వెంట నున్నదే.

తెనాలి, బాపట్ల, రేపల్లె సీమల వేసవి యుక్క మన మెరుగనిది కాదు. పంపు ధరించు బిడ్డకు జిగురుపట్టీ క్రింద చెమట నిలిచి దురదయు, దద్దురులును పుట్టును. ఒకేచోట మాటిమాటికి గ్రుచ్చినచో క్రొవ్వు పేరుకొని ఉబ్బును. అచట మందు సరిగా నింకదు, చక్కెర అదుపు తప్పును.

కావున రెండు మూడు దినముల కొకసారి చోటు మార్చవలెను. చర్మమును కడిగి, బాగుగా నారిన పిదపనే పట్టీ నంటింపవలెను. ముందుగా నూనెగాని పౌడరుగాని పూయరాదు. తీయునపుడు మాత్రము కొబ్బరినూనె రాచి మెల్లగా నూడదీయవలెను. ఎరుపు, వేడి, చీము కనబడినచో వెంటనే చోటు మార్చి వైద్యునకు జూపవలెను. పంపు విప్పియుంచవలసివచ్చినచో వైద్యుడు చెప్పిన చొప్పున సూదితో ఇన్సులిన్ ఇయ్యవలెను. మందు ఆగిన కొలది గంటలలోనే ప్రాణాపాయము రావచ్చును.

మేము కోరున దొక్కటే: బిడ్డ దురదయన్నపుడు "ఓర్చుకొనుము" అనక, పట్టీ విప్పి చూడుడు.