ఎండాకాలం అయిపోయింది, బీరువాకి తాళం పడింది

ముందే చెప్పేస్తున్నా, నా తెలుగు అంత గొప్పది కాదు. ఎల్కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టు మాత్రమే. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నా, అక్కడితో తెలుగు చదవడం ఆగిపోయింది. ఇందులో తప్పులుంటే మన ఎడిటర్లు దిద్దుతారు. విషయం మాత్రం నేనే చెప్పాలి, ఎందుకంటే ఈ వేసవిలో అది నా కళ్ళ ముందే జరిగింది.

సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఇంటికెళ్ళాను. ఇంటర్న్‌షిప్ కోసం పద్దెనిమిది చోట్ల అప్లై చేస్తే ఒక్క చోట నుంచి కూడా రిప్లై లేదు. ఖాళీగా కూర్చున్నవాళ్ళని చూస్తే మా అమ్మ ఊరుకోదు. "పిన్ని కొడుకుని లైబ్రరీలో దింపి రా, పిల్లలకి అక్కడేదో శిబిరం పెట్టారంట" అని పంపింది.

మా ఊరి శాఖా గ్రంథాలయం మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంది. ఇన్నేళ్ళలో దాని ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. అది తాతయ్యలు పేపర్ చదువుకునే చోటు అనుకునేదాన్ని. మీలో చాలామందిది కూడా ఇదే కథ అయ్యుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో బడి సెలవుల్లో గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతారు. మా ఊళ్ళో పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా. కాసేపు పుస్తకాలు చదవడం, కాసేపు కథలు చెప్పడం, స్పోకెన్ ఇంగ్లిష్, బొమ్మలు వేయడం, కాగితాలతో పడవలూ కొంగలూ చేయడం, చివర్లో చెస్సు, క్యారమ్స్. ఫీజు లేదు. రిజిస్టర్‌లో పేరు, బడి పేరు, తరగతి రాస్తే చాలు. మా పక్క వీధిలో ఒక ప్రైవేటు సమ్మర్ క్యాంపు ఇవే నేర్పడానికి వేలల్లో తీసుకుంటోంది. అక్కడ ఏసీ ఉంది, ఇక్కడ రెండు ఫ్యాన్లు ఉన్నాయి. నాకు కనిపించిన పెద్ద తేడా అదే.

తమ్ముణ్ణి దింపి వెళ్ళిపోబోతుంటే లైబ్రేరియన్ మేడమ్ పిలిచారు. "ఏమ్మా, ఖాళీయేనా? ఈ పిల్లలకి ఒక కథ చదివి వినిపించు. నేను పేపర్లు ఎక్కించుకుని వస్తా." పాత చందమామల బైండు ఒకటి చేతిలో పెట్టారు. ఇరవై మందికి పైగా పిల్లలు చాప మీద కూర్చుని నా మొహం చూస్తున్నారు.

చదవడం మొదలుపెట్టాను. రెండో పేరాలోనే ఆగిపోయాను. "కార్య... కార్యద..." అంటున్నా. ఒత్తు కనిపిస్తోంది, నోరు తిరగట్లేదు. ముందు వరసలో మూడో తరగతి పాప లేచి నా భుజం మీద నుంచి చూసి, "కార్యదక్షుడు అక్కా" అంది. వెక్కిరించలేదు. సాయం చేసింది, అంతే. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఇంకో పేజీలో "గాదె" అని వచ్చింది. "గాదె అంటే ఏంటక్కా?" అని ఒకడు అడిగాడు. మా క్లాస్‌లో ఒకతని ఇంటిపేరు అని తప్ప నాకేమీ తెలీదు. వెనక నుంచి ఇంకొకడు, "మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో ఉండేదంట, వడ్లు పోసుకునేది" అన్నాడు. కథ వాళ్ళే పూర్తి చేశారనుకోండి.

ఆ రోజు ఇంటికొచ్చి ఇంక వెళ్ళకూడదనుకున్నా. కానీ తమ్ముణ్ణి దింపాలిగా! మర్నాటి కథని రాత్రే రెండుసార్లు పైకి చదువుకుని వెళ్ళాను. అలా ఇరవై ఆరు రోజులు వెళ్ళాను. చివరికొచ్చేసరికి పేజీకి ఒకసారి మాత్రమే తడబడుతున్నా.

ఇదంతా చెప్పి "పుస్తకాలు చదవండి" అని నీతి చెబుతానని అనుకోకండి. నేను చెప్పాలనుకున్నది వేరే.

ఆ ఇరవై ఆరు రోజుల్లో నాకు అర్థమైంది ఏంటంటే, మా గ్రంథాలయం ఖాళీగా లేదు. "ఈ రోజుల్లో లైబ్రరీకి ఎవరు వెళ్తారు" అనే మాట తప్పు. పెద్ద గదిలో కుర్చీ దొరకదు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్ళు క్యారేజీ తెచ్చుకుని మరీ కూర్చుంటారు. ఇంట్లో చదువుకోవడానికి గది లేనివాళ్ళకి అదే గది. కానీ వాళ్ళు చదివేది ఎక్కువగా సొంత పుస్తకాలు. గ్రంథాలయం పుస్తకాలు మాత్రం గోడ వెంబడి బీరువాల్లో ఉన్నాయి, తాళం వేసి. శిబిరం జరిగినన్నాళ్ళూ ఆ తాళాలు తీశారు.

పుస్తకాల చివర తేదీ చీటీ అతికించి ఉంటుంది, ఎప్పుడు ఎవరు ఇంటికి తీసుకెళ్ళారో తేదీ ముద్ర వేస్తారు. పిల్లల బీరువాలో నేను తీసిన ఒక పుస్తకం మీద ఆఖరి ముద్ర 2003. అంటే నేను పుట్టకముందు. అది చెదలు పట్టిన పుస్తకం కూడా కాదు, చక్కగా ఉంది. ఇరవై ఏళ్ళకి పైగా ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు.

మరి తాళం ఎందుకు? మేడమ్‌ని అడిగాను. "ఒక్క పుస్తకం పోయినా నేనే జవాబు చెప్పుకోవాలమ్మా. ఉన్నది నేనొక్కదాన్ని. పేపర్లు, రిజిస్టర్లు, హాలు, అన్నీ నేనే చూడాలి. బీరువా దగ్గర ఎవరు నిలబడతారు?" అన్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ తాళమే వేసేదాన్ని.

ఇక్కడ మనవాళ్ళు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "అన్నీ ఫోన్లో ఉన్నాయిగా, ఇంక బీరువా గొడవ ఎందుకు?" మొదటి వారం నేనూ ఇదే అనుకున్నా. నిజంగానే చాలా ఉన్నాయి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది, ఉచితం. కాపీరైట్ తీరిన తెలుగు పుస్తకాలు వికీసోర్స్‌లో ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు కుప్పలుగా ఉన్నాయి. ఇవి మీకు తెలీకపోతే ఈరోజే చూడండి, వాటికి నేను వ్యతిరేకం కాదు.

కానీ ఒకరోజు పిల్లల్ని అడిగాను, ఇంట్లో ఫోన్ ఎవరికుందని. దాదాపు అందరూ చేతులెత్తారు. "మరి మీ చేతికి ఎప్పుడొస్తుంది?" అన్నాను. "నాన్న డ్యూటీ నుంచి వచ్చాక." "అన్నయ్య ఇవ్వడు." "ఛార్జింగ్ ఉంటే." వచ్చిన ఆ కాసేపట్లో ఎనిమిదేళ్ళ పిల్ల ఆర్కైవ్‌లో స్కాన్ వెతుక్కుంటుందా? నేనే వెతకలేదు, పంతొమ్మిదేళ్ళకి కూడా. ఫోన్లో ఉండటం వేరు, చేతికి అందడం వేరు. పుస్తకాన్ని ఎవరో ఒకరు తీసి, "ఇది బాగుంటుంది, చూడు" అని చేతిలో పెట్టాలి. ఆ పని శిబిరంలో జరిగింది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు 1935లో పడవలో గ్రంథాలయం నడిపారు. అప్పట్లో జనం కాలవల మీద పడవల్లో ప్రయాణాలు చేసేవాళ్ళు. వాళ్ళు పుస్తకం కోసం వచ్చేదాకా ఆగకుండా, వాళ్ళున్న పడవలోకే పుస్తకాన్ని తీసుకెళ్ళారు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో. ఇవి ప్రభుత్వం కట్టించి ఇచ్చినవి కావు, చదువు విలువ తెలిసినవాళ్ళు పూనుకుని పెట్టుకున్నవి.

తర్వాత 1960లో గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలు చేస్తారు, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. మా నాన్నని అడిగి రసీదు చూశాను. నిజంగానే ఉంది. రెండు వేల పన్ను కట్టే ఇంటివాళ్ళు నూట అరవై రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నట్టు. మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా కడుతున్నారు, ఒక్క పుస్తకం తెచ్చుకోలేదు. "ఫ్రీ" అని మనం అంటున్నాం గానీ, అది మన ఇళ్ళవాళ్ళు ముందే డబ్బు కట్టేసిన సేవ. అద్దెకుండేవాళ్ళు కట్టే అద్దెలో కూడా ఆ పైసలు ఏదో మూల ఉంటాయి.

జూన్‌లో బళ్ళు తెరిచారు. శిబిరం అయిపోయింది. ఆఖరి రోజు పిల్లలకి సర్టిఫికెట్లు, బిస్కెట్లు ఇచ్చారు. రెండ్రోజుల తర్వాత నేను ఒక పుస్తకం తిరిగివ్వడానికి వెళ్తే పిల్లల బీరువాకి తాళం పడి ఉంది. "కార్యదక్షుడు" అన్న పాప బడి నుంచి వస్తూ గుమ్మం దగ్గర నిలబడింది, యూనిఫామ్‌లో. "అక్కా, రేపు కథ ఉందా?" అని అడిగింది. లేదని చెప్పాను. "ఆదివారం?" అంది. నా దగ్గర జవాబు లేదు, నేను శనివారం హాస్టల్‌కి వచ్చేయాలి.

నా అభిప్రాయం ఇదే. శిబిరం మంచిదే, కానీ ఏడాదికి ఒకసారి వేసవిలో మాత్రమే తీసే బీరువా పిల్లలకి సరిపోదు. శిబిరం ప్రతి ఆదివారం రెండు గంటలు నడవాలి. దానికి కొత్త బిల్డింగు అక్కర్లేదు, పుస్తకాలు ఉన్నాయి, చాప ఉంది. లేనిది బీరువా దగ్గర నిలబడే మనిషి. కొత్త ఉద్యోగాలు వెయ్యడం ప్రభుత్వం పని, అది అడగాల్సిందే, అడుగుదాం. ఆ ఉద్యోగాలు వచ్చేలోపు ఆ పాప పదో తరగతికి వస్తుంది.

ఈ మాట మన సీఎస్ఈ గ్రూపులో చెప్తే వెంటనే వచ్చిన రిప్లై, "యాప్ చేద్దాం." నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నేనూ మేడమ్‌తో అదే అన్నాను. ఆవిడ నవ్వలేదు, యాక్సెషన్ రిజిస్టర్ తీసి చూపించారు. పుస్తకాల పేర్లన్నీ చేత్తో రాసి ఉన్నాయి, కొన్ని చోట్ల సిరా వెలిసిపోయింది. యాప్‌లో పెట్టడానికి ముందు ఎవరో కూర్చుని వాటిని తెలుగులో టైపు చెయ్యాలి. పిల్లల పుస్తకాలు 340 నేను షీట్‌లో ఎక్కించాను. ఇప్పుడు ఏ పుస్తకం ఉందో, ఏది లేదో మేడమ్‌కి ఫోన్లో కనిపిస్తుంది. పుస్తకం పోతుందన్న భయం కాస్త తగ్గింది, తను కూడా ఒప్పుకున్నారు. యాప్ తర్వాత చేద్దాం. ముందు టైపింగు.

మన కాలేజీ నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. ఇన్నాళ్ళు ఇక్కడ ఉండి నాకు తెలీదు. పోయిన వారం వెళ్ళాను. అక్కడా పిల్లల బీరువాకి తాళమే. ఆదివారాలు వచ్చి పిల్లలకి కథలు చదువుతాం, బీరువా దగ్గర మేం నిలబడతాం, లెక్క అప్పజెప్పి వెళ్తాం అన్నాను. లైబ్రేరియన్ సార్ వెంటనే ఒప్పుకోలేదు. "నాలుగు వారాలు వచ్చి మానేస్తారమ్మా మీ కాలేజీవాళ్ళు" అన్నారు. ఇంతకుముందు ఎవరో అలాగే చేసుంటారు. చివరికి, "పేర్లన్నీ రాసి ఒక ఉత్తరం ఇవ్వండి, పైవాళ్ళని అడుగుతా" అన్నారు.

ఉత్తరం రాశాను, తెలుగులోనే. అందులో మూడు తప్పులు మా రూమ్మేట్ దిద్దింది. ఇప్పటికి ఐదుగురం సంతకాలు పెట్టాం. ఒక ఆదివారానికి ఇద్దరు చొప్పున వేసుకుంటే, పన్నెండు మంది ఉంటే ఒక్కొక్కరికీ ఆరు వారాలకి ఒకసారి వస్తుంది. మిడ్ ఎగ్జామ్స్ వచ్చినా ఆగదు. ఇంకా ఏడుగురు కావాలి. తెలుగు బాగా చదవడం రావాలని రూలేమీ లేదు, నాకు రాదుగా. తప్పు చదివితే పిల్లలే చెప్తారు.

ఉత్తరం క్లబ్ రూమ్‌లో నోటీసు బోర్డు పక్కన బల్ల మీద ఉంది. శుక్రవారం సాయంత్రం తీసుకెళ్ళి ఇచ్చేస్తాను.