సిఫారసు చేయువాని బాధ్యత

ప్రతి వేసవిలోను సెలవులకు ముందు మా విద్యార్థులు నన్నొక ప్రశ్న యడుగుచుందురు: “అయ్యవారూ, సెలవులలో ఏమి చేయవచ్చును? ఏమి చూడవచ్చును?” ఈ కాలమున ఇట్టి ప్రశ్నలకు ప్రత్యుత్తరమిచ్చువారికి కొదువ లేదు. చేతిలోని ఫోను తెఱచినంతనే ఇది తినుడు, అది తొడుగుకొనుడు అని చెప్పువారు వేలకొలదిగ కానవత్తురు. వారిలో పలువురు ఆ వస్తువులను అమ్మువారియొద్ద సొమ్ము పుచ్చుకొని చెప్పువారే. నేనును ఒక వంటకమును, ఒక వినోదమును, ఒక వస్త్రమును సిఫారసు చేయదలచితిని. కాని అంతకు ముందు నేను చేసిన పొరపాటు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది.

ఉపాధ్యాయ శిక్షణము ముగించుకొని నేను నూతనముగా కొలువున చేరిన దినములవి. మెట్ట గ్రామమునుండి వచ్చు బాలు డొకడు ప్రతిదినము డబ్బాలో రాగిసంగటి ముద్ద తెచ్చుకొనుచుండెను. దాని రంగును జూచి తోడి బాలురు నవ్వుచుండిరి. నేను వానిని చాటునకు బిలిచి, మేలుచేయుచున్నాననుకొని, “రేపటినుండి అన్నము తెచ్చుకొనుము” అని చెప్పితిని. వాడు తల యూపెను. మఱునాటినుండి వాడు డబ్బాయే తేలేదు. మధ్యాహ్నమున అందరును తినుచుండగా వేపచెట్టు క్రింద పుస్తకము తెఱచుకొని కూర్చుండెడివాడు. వారము గడచిన పిదప వాని తల్లి వచ్చి, “మా యింట్లో ఉండేది సంగటే అయ్యవారూ, వాడేమో తీసుకుపోనంటాడు” అనెను. నాకు నోట మాట రాలేదు. నవ్విన వారిని మందలింపక, నవ్వులపాలైనవానికి సలహా చెప్పితిని గదా!

కావున నా మొదటి సిఫారసు ఆ సంగటియే. దానిని చేయు విధమును ఆ తల్లియొద్దనే నేర్చుకొంటిని. సోలెడు రాగిపిండికి అరసోలెడు బియ్యపు నూకలు, మూడు సోలల నీరు చాలును. నూకలు మెత్తగా ఉడికి, నీరింకను మరగుచుండగా, తగినంత ఉప్పు వేసి, పిండిని నడుమ కుప్పగా పోసి, తెడ్డు కాడతో రంధ్రము చేసి, మూతపెట్టి సన్నని మంటపై పది నిమిషము లుంచవలెను. పిమ్మట దింపి ఉండలు కట్టకుండ బలముగా గెలికి, తడిచేతితో ముద్ద చేయవలెను. వేరుసెనగ ఊరిబిండి ప్రక్కన నున్నయెడల మఱేమియు నక్కఱలేదు. తైదలనియు, చోళ్లనియు పేళ్లుగల ఈ ధాన్యము నూఱు గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. తెల్లబియ్యమునం దది పది మిల్లీగ్రాములకు అటునిటుగా మాత్రమే యుండును. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేటనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల ఆహారమున రాగిజావను చేర్చినది. లోకము మెచ్చిన పిదప మనము మెచ్చుటలో గొప్ప యేమున్నది? ఆ బాలుని డబ్బాలో నున్నప్పుడే మెచ్చవలసినది.

రెండవది, తోలుబొమ్మలాట. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట ఈ బొమ్మలకు ప్రసిద్ధి. మేకతోలును శుభ్రపఱచి, వెలుగు చొచ్చునంత పలుచన చేసి, బొమ్మ గీచి, రంగులు వేసి, నగలున్నచోట సన్నని రంధ్రములు పొడుతురు. వెనుక దీపము వెలిగినప్పుడు ఆ రంధ్రములే రత్నములై తెల్లని తెరపై మెఱయును. ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. నేటి దినమున ఆటలు తగ్గుటచే ఆ చేతులే దీపపు తొడుగులను, గోడ చిత్రములను చేసి జీవించుచున్నవి. ఆట దొరకినయెడల తెర ముందు కొంతసేపు చూచి, అనుమతి గైకొని వెనుకకును పోయి చూడుడు. అడుగు క్రింద చెక్కలు మ్రోగించుచు, పాడుచు, రెండు చేతులతో బొమ్మ నాడించు మనిషి శ్రమ అచ్చటనే తెలియును. ఆడునది రామాయణ భారత కథలు గదా, మిషను పాఠశాల పిల్లలకేల యని కొందఱు పెద్దలడుగుదురు. పొరుగువాని కళను గౌరవముతో చూచుట మన విశ్వాసమునకు లోటు కాదని నా యభిప్రాయము.

మూడవది, మంగళగిరి నూలు వస్త్రము. గుంటమగ్గముపై నేయబడు ఈ బట్ట మన యెండలకు చల్లగా నుండును. మొదటి తడవ ఉప్పునీట నానబెట్టి, వేఱుగ ఉతికి, నీడన ఆరవేసినయెడల ఏండ్లకొలది మన్నును. 1905 ఆగస్టు 7న ఆరంభమైన స్వదేశీ ఉద్యమమునకు స్మారకముగా, 2015 నుండి ఆ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆ దినమున సభలు చేయుటకంటె ఒక్క చొక్కా బట్ట కొనుట నేతగానికి మేలు. అయితే కొనలేనివారిని కించపఱచుటకు ఈ మాట వాడరాదు. ఉన్న చొక్కానే ఉతికి, ఊడిన బొత్తాము కుట్టుకొని తొడుగుకొనుట అంతకంటె ఏమాత్రమును తక్కువ కాదు.

విద్యార్థులారా, మీరును ఒకరికొకరు ఎన్నో సిఫారసులు చేసికొందురు. నోరు తెఱచుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనుడు. చెప్పబోవుదానిని నేను స్వయముగా ఎఱుగుదునా? నా మాటవలన వినువాడు తన యింటిని జూచి సిగ్గుపడునా? మొదటిదానికి ఔననియు, రెండవదానికి కాదనియు చెప్పగలిగిననాడే చెప్పుడు.

ఆ తల్లి వచ్చి పోయిన మఱునాడు నేను సంగటి వండి తెచ్చి, మధ్యాహ్నమున ఆ బాలుని ప్రక్కన వేపచెట్టు క్రింద కూర్చుండి ఇరువురకును వడ్డించితిని. ముద్ద గట్టిపడినది, ఉండలు కట్టినది. వాడొక కడి తిని, “మా యమ్మ చేస్తే ఇట్లుండదు అయ్యవారూ” అనెను. తోడి బాలుర నవ్వు ఒక్క దినమున మానలేదు. కాని ఆ మఱునాడు వాడు తన డబ్బా తెచ్చుకొనెను.