తెనార్ ద్రోహి కాదు



"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెతను మీరు తెలుగు తరగతిలో వినే ఉంటారు. విభీషణుణ్ణి తలచుకొని పుట్టిన మాట అది. అన్నను విడిచి శత్రుపక్షాన చేరినవాడు ద్రోహియే అని అది తీర్పు చెబుతుంది. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో ఒక ఆంగ్ల నవల ఆధారంగా చెబుతాను.

అమెరికా రచయిత్రి అర్సులా లె గ్విన్ 1971లో ప్రచురించిన 'ద టూంబ్స్ ఆఫ్ అటువాన్' మాంత్రికుల లోకానికి చెందిన కథ. తెనార్ అనే బాలికను పసితనంలోనే తల్లిదండ్రుల నుండి తీసుకొనిపోయి, సమాధుల క్రింది చీకటి శక్తులకు పూజారిణిని చేస్తారు. పేరు కూడా తీసివేసి, 'మ్రింగబడినది' అనే అర్థంలో 'అర్హా' అని పిలుస్తారు. (మన 'అర్హత'తో దీనికి సంబంధం లేదు సుమా!)

ఆ భూగర్భంలో దీపం నిషిద్ధం. ప్రతి మలుపునూ ఆమె చేతితో తడిమి నేర్చుకొంటుంది. ఒకనాడు అక్కడ వెలుగు కనిపిస్తుంది. విరిగిన కడియపు సగభాగం కోసం గెడ్ అనే మాంత్రికుడు దొంగవలె వచ్చాడు. అతని వెలుగులో గుహ గోడలు రత్నాలవలె మెరుస్తాయి. తాను ఏలుతున్న చోటు ఎంత అందమైనదో ఆమె చూడడం అదే మొదటిసారి! ఈ ఘట్టం కోసమైనా ఆ పుస్తకం చదవవలసిందే.

నియమం ప్రకారం అతడు చావాలి. ఆమె అతణ్ణి లోపల బంధిస్తుంది. కాని తరువాత నీరు తెచ్చి ఇస్తుంది. అతనికి దారి తెలియదు. ఆమెకు ఆ శక్తులను నిలువరించే బలం లేదు. ఒకరు లేక మరొకరు బయటపడలేరు.

ఇది నమ్మకద్రోహమా? ఊహ తెలియని పసిపిల్లను ఎవరూ ఏమీ అడుగలేదు. కాదనగలిగినవారు ఔనన్నప్పుడే ఆ మాటను విశ్వాసం అంటాము. కొసిల్ అనే మరొక పూజారిణికి ఆ శక్తులపై నమ్మకమే లేదు. అయినా అధికారం కోసం అక్కడే ఉంటుంది. వీరిద్దరిలో ద్రోహి ఎవరు?

విభీషణుడు కూడా చెప్పకుండా పారిపోలేదు. సీతను తిరిగి అప్పగించమని నిండుసభలో అన్నకు చెప్పి, నిందలు పడి, ఆ తరువాతే వెడలినాడు. అతణ్ణి నమ్మవద్దని సుగ్రీవుడు వాదించాడు, చేర్చుకోవచ్చునని హనుమంతుడు అన్నాడు. రాముడు అభయమిచ్చాడు. సామెతలో ఈ సంగతులేవీ లేవు.

ఒక్కచోట మాత్రం నా వాదన అంత సులభంగా సాగదు. తెనార్‌ను ప్రేమతో పెంచిన సేవకుడు మానన్. పారిపోయే వేళ అతడు అగాధపు అంచున గెడ్ మీదికి వచ్చి, పట్టుతప్పి పడి మరణిస్తాడు. అతని విశ్వాసమూ నిజమైనదే. తెనార్ అతని కోసం ఆగవలసిందా? చదివి, మీ అభిప్రాయం వచ్చే సంచికకు వ్రాయండి.