గుండెపోటు బిల్లు ఆసుపత్రితో తీరదు

గుండెజబ్బు ఖర్చు అనగానే మనకు స్టెంటు, ఆపరేషన్ గుర్తొస్తాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల నెత్తిన ఆ భారం చాలావరకు దించింది. 2017లో కేంద్రం ధరకు పరిమితి పెట్టడంతో మందుపూత స్టెంటు సుమారు 30 వేలకు దిగింది. రెండూ మేలు చేసినవే. అయితే నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో కుటుంబం చితికిపోయేది డిశ్చార్జి అయిన తర్వాతే. కౌలుకు మిర్చి వేసిన రైతుకు కోతల వేళ గుండెపోటు వచ్చిందనుకుందాం. ఆపరేషన్ ఉచితమే కావచ్చు. విజయవాడకు కారు కిరాయి, తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి మాత్రం ఎవరూ పూర్తిగా ఇవ్వరు. పంట చేతికి రాకపోయినా కౌలు కట్టాల్సిందే. వీటన్నిటికీ నూటికి రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెస్తే, ఏడాదికి వడ్డీయే 48 వేలు. ఈ నష్టాన్ని ప్రభుత్వమూ గుర్తించింది. 2019లో తెచ్చిన ఆరోగ్య ఆసరా కింద, కోలుకునే రోగికి రోజుకు 225 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది.

గుండెజబ్బంటే పట్నం జబ్బు, ఉన్నవాళ్ల జబ్బు అనుకునే కాలం ఎప్పుడో పోయింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలను పరిశీలిస్తే, మూడింట ఒక వంతుకు కారణం గుండె, రక్తనాళాల జబ్బులేనని తేలింది. అంటువ్యాధుల వాటా 12 శాతమే. పైగా మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్యుల కంటే సుమారు పదేళ్లు ముందే, సంపాదించే వయసులోనే వస్తోంది. 2012-30 మధ్య గుండెజబ్బుల వల్ల భారత్ 2.17 లక్షల కోట్ల డాలర్ల ఉత్పత్తి కోల్పోతుందని ప్రపంచ ఆర్థిక వేదిక, హార్వర్డ్ నిపుణులు 2014లో అంచనా వేశారు.

గుండెపోటు వచ్చిన తొలి గంటల్లో ఇచ్చే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్ ఖరీదు సుమారు 40 వేలు. రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇవ్వడం మంచి పనే. కానీ బీపీని అదుపులో ఉంచి గుండెపోటు ముప్పును ముందే తగ్గించే అమ్లోడిపిన్ మాత్రలు జన ఔషధి దుకాణంలో నెలకు సరిపడా 50 రూపాయల లోపే దొరుకుతాయి. వందమందికి ఏళ్ల తరబడి మాత్రలిస్తే తప్పేది కొందరి గుండెపోటే కదా, ఇందులో మిగిలేదేముంది అని అడగవచ్చు. ఆసుపత్రి బిల్లు ఒక్కటే లెక్కేస్తే మిగులు తక్కువగానే కనిపిస్తుంది. పోయిన కూలి, వడ్డీ, మధ్యలో ఆగిన పిల్లల చదువు, అవే మాత్రలతో తప్పే పక్షవాతం కూడా కలిపితే లెక్క తిరగబడుతుంది. బీడీ, మందు మానని వాడికి ప్రజాధనం ఎందుకన్నది మరో మాట. బీపీకి నొప్పి ఉండదు. ఒంట్లో బాగానే ఉందనిపించగానే మాత్ర మానేసేవారిలో ఏ అలవాటూ లేనివారూ ఉంటారు. పైగా తప్పు ఎవరిదైనా అప్పు తీర్చాల్సింది భార్యాబిడ్డలే.

అందుకే ఎన్ని ఆపరేషన్లు చేశామన్న అంకె ఒక్కటే ప్రభుత్వానికి గొప్ప కాకూడదు. ప్రతి ఊళ్లో బీపీ ఉన్నవారెందరు, వారిలో ఎందరికి అదుపులో ఉంది, మాత్రలు నెలనెలా అందుతున్నాయా అన్న లెక్కను గ్రామసభలో ఏటా చదివి వినిపించాలి. మాత్రలకయ్యే ఖర్చును పంటకాలువ మరమ్మతు ఖర్చుతో సమానంగా, రాబడి తెచ్చే పెట్టుబడిగా బడ్జెట్‌లో చూడాలి.