పోరడు పొట్టిగుంటే ఆట పొట్టిదైతదా?

హాకీ అంటే మనకు యాదికొచ్చేది ధ్యాన్‌చంద్, గడ్డి మైదానం. నేను చెప్పేది ఆ హాకీ గురించి కాదు. కెనడా, అమెరికాల మంచు గడ్డ మీద స్కేట్లు కట్టుకొని, కర్రతోని రబ్బరు బిళ్లను కొట్టే ఐస్ హాకీ గురించి. అక్కడి పెద్ద లీగు పేరు ఎన్‌హెచ్‌ఎల్. జూన్ వచ్చిందంటే చాలు, ఆ లీగు ఫ్యాన్స్ నడుమ ఒక లొల్లి షురువైతది. పద్దెనిమిదేండ్ల పోరగాండ్లను టీములు వంతుల వారీగా ఏరుకుంటయ్. దాన్ని డ్రాఫ్ట్ అంటరు. ఏరుకునే టైముకు గోల్స్ కుప్పలు పోసిన పొట్టి ఫార్వర్డ్ ఒకడు దాదాపు ఏటా ఉంటడు. "గీ పోరడు మెరిక, ఇడిసిపెడితే తర్వాత ఏడుస్తరు" అని ఒక జట్టు. "పిల్లల ఆటల సాగింది గానీ పెద్దోళ్ల నడుమ నలిగిపోతడు" అని ఇంకో జట్టు.

ఇది మనకు సంబంధం లేని ముచ్చట అనుకోకుండ్రి. కానిస్టేబుల్ సెలక్షన్‌కు పోయిన తమ్ముళ్లకు కొలత బద్ద కింద నిలబడుడు ఎట్లుంటదో ఎరుకే. ఏం చేయగలుగుతవని అడగకముందే ఎంతున్నవని అడుగుతరు. మనకాడ ఆ గీత కాగితం మీద రాసి ఉంటది, మామూలుగా మగోళ్లకు 167.6 సెంటీమీటర్లు. ఎన్‌హెచ్‌ఎల్‌ల గసొంటి రూలేం లేదు. అయినా గీత మాత్రం ఉంది.

ముందుగాల భయపడేటోళ్ల మాట ఇందాం. వాళ్లు ఉత్తగ అంటలేరు. ఈ ఆటల బిళ్ల ఎవని కాడుంటే వాన్ని భుజంతోని గుద్దుడు రూల్ ప్రకారం కరెక్టే. రింకు చుట్టూ బోర్డుల గోడ ఉంటది. ఉరికొచ్చి ఆ గోడకేసి కొడతరు. ఎన్‌హెచ్‌ఎల్‌ల సగటు ఆటగాడు ఆరడుగుల పైన ఉంటడు, బరువు సుమారు 90 కిలోలు. అసొంటోళ్ల నడుమ ఐదడుగుల ఏడంగుళాల పోరడు ఏడాదికి 82 మ్యాచులు ఆడి, ఆ తర్వాత ఇంకా గట్టిగ గుద్దుకునే ప్లేఆఫ్స్ ఆడాలె. "తట్టుకుంటడా?" అని అడుగుడు న్యాయమైన ప్రశ్ననే.

ఈ లొల్లిని నిజం ఆట మీద పెట్టి చూద్దాం. అందుకు నాకు దొరికిన మంచి ఉదాహరణ కోల్ కాఫీల్డ్.

అమెరికాల విస్కాన్సిన్ రాష్ట్రం పోరడు. 2018-19ల అమెరికా అండర్-18 డెవలప్‌మెంట్ టీముకు 64 మ్యాచుల్ల 72 గోల్స్ కొట్టిండు. ఆ టీముల ఒక సీజన్‌కు అంతకుముందు అన్ని గోల్స్ కొట్టినోడు లేడు. 2019 అండర్-18 ప్రపంచ పోటీల్ల 14 గోల్స్ కొట్టి, అలెగ్జాండర్ ఒవెచ్కిన్ రికార్డును సమానం చేసిండు. ఒవెచ్కిన్ అంటే ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రల అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినోడు.

అదే ఏడాది జూన్‌ల వాంకూవర్‌ల డ్రాఫ్ట్ అయింది. కాఫీల్డ్ ఎన్నో నంబర్ల పోయిండు? 15. పద్నాలుగు టీములు ఆయనను ఇడిసిపెట్టి వేరేటోళ్లను ఏరుకున్నయ్. ఇంకో ముచ్చట, ఆయనతోని ఒకే టీముల ఆడిన దోస్తులే ఆరుగురు ఆయనకన్నా ముందు పోయిన్రు. ఆ టీముల అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినోడు ఏడో వాడైండు.

అప్పుడు ఎదురు జట్టు చెప్పిన మాటలల్ల ఒకటి బలమైనది. "గా గోల్స్ ఆయనయి కావు, జ్యాక్ హ్యూస్ అందించిన పాసులయి" అన్నరు. హ్యూస్ ఆ డ్రాఫ్ట్‌ల మొదటి నంబర్. మంచి సెంటర్ పక్కన ఎవలన్నా గోల్ కొడతరన్న అనుమానం తప్పేం కాదు. కానీ హ్యూస్ నేరుగా ఎన్‌హెచ్‌ఎల్‌కు పోయిండు, కాఫీల్డ్ విస్కాన్సిన్ యూనివర్సిటీకి పోయిండు. హ్యూస్ లేకుండనే మొదటి ఏడు 36 మ్యాచుల్ల 19 గోల్స్, రెండో ఏడు 31 మ్యాచుల్ల 30 గోల్స్. 2021ల అమెరికా కాలేజీ హాకీల పెద్ద అవార్డు హోబీ బేకర్ ఆయనకే ఇచ్చిన్రు.

ఇగ అసలు సంగతి 2021-22 సీజన్‌ది. మాంట్రియల్ టీముల మొదటి 30 మ్యాచుల్ల కాఫీల్డ్ కొట్టింది ఒక్కటే గోల్. నడుమ కింది లీగుకు గూడ పంపిన్రు. "మేం చెప్పలే?" అన్నోళ్లు మస్తుగ లేచిన్రు. 2022 ఫిబ్రవరిల కోచ్ మారిండు. కొత్త కోచ్ మార్టిన్ సెయింట్ లూయీ. ఆయన కింద ఆ సీజన్‌ల మిగిలిన 37 మ్యాచుల్ల కాఫీల్డ్ 22 గోల్స్ కొట్టిండు.

ఇక్కడ జర ఆగి ఆలోచించాలె. అదే టీము, అదే సీజన్, అదే లీగు. నడుమ పోరడు అంగుళం గూడ పెరగలే. ఎత్తే కారణమైతే రెండో సగంల గూడ ఒక్క గోలే రావాలె గదా? మారింది ఆయన ఒళ్లు కాదు. ఆయనను ఏడ నిలబెట్టిన్రు, ఎవల పక్కన ఆడిచ్చిన్రు, తప్పు చేస్తే బెంచి మీద కూసోబెట్టిన్రా లేకుంటే మళ్లా రింకులకు పంపిన్రా, గివి మారినయ్.

ఆ కోచ్ ఎవలో తెలిస్తే ముచ్చట ఇంకా అర్థమైతది. సెయింట్ లూయీ ఎత్తు గూడ ఐదడుగుల ఎనిమిదంగుళాలే. ఆయనను డ్రాఫ్ట్‌ల ఏ టీమూ ఏరుకోలే. కాల్గరీ టీము తీసుకొని ఇడిసిపెట్టింది. 2000ల టాంపా బే టీముకు పోయిండు. 2004ల స్టాన్లీ కప్ గెలిచిండు, అదే సీజన్‌ల లీగుల అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చిండు, ఉత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్నడు. 2018ల హాల్ ఆఫ్ ఫేమ్‌ల చేరిండు. కొలత బద్ద కింద నిలబడ్డ మనిషి కోచ్ అయితే ఎదుటోని ఎత్తు కాదు, ఆట చూస్తడని నా నమ్మకం.

పొట్టితనం ఎంత నష్టమనేది ఒంటి మీద కన్నా రూల్స్ మీద ఎక్కువ ఆధారపడ్డది. ఇదివరకు పెద్ద ఒళ్లున్నోడు స్పీడు లేకున్నా ముందు పోయేటోన్ని కర్రతోని గుంజి, పట్టుకొని ఆపేటోడు. రెఫరీలు చూసీచూడనట్టు ఉండేటోళ్లు. 2004-05 సీజన్ ఆటగాళ్లకు, ఓనర్లకు నడుమ పంచాదితోని మొత్తం బందయింది. మళ్లా షురువైనప్పుడు ఆ గుంజుడు, పట్టుకునుడు మీద గట్టిగ విజిల్ ఊదిన్రు. ఉరికేటోనికి తోవ దొరికింది. ఆ ఒక్క మార్పుతోని పొట్టోళ్ల విలువ పెరిగింది. వాళ్ల ఎత్తు మాత్రం పెరగలే.

అయితే నా జట్టోళ్లకు గూడ ఒక మాట చెప్పాలె. గెలిచినోళ్ల పేర్లు మాత్రమే చదువుడు మోసం. ఐదడుగుల ఆరంగుళాల థియో ఫ్లూరీని 1987ల 166వ నంబర్ల ఏరుకుంటే, ఎన్‌హెచ్‌ఎల్‌ల వెయ్యికి పైగా పాయింట్లు తెచ్చిండు. ఆ ఎత్తును సెంటీమీటర్లల్లకు మార్చితే మన కానిస్టేబుల్ గీతకు సరిగ్గ సమానం. అలెక్స్ డిబ్రింక్యాట్‌ను 2016ల 39వ నంబర్ల ఏరుకుంటే, చికాగోకు రెండు సీజన్లల్ల 41 గోల్స్ చొప్పున కొట్టిండు. ఈ పేర్లు అందరికీ నోటికొస్తయ్. కానీ 2011ల 33వ నంబర్ల పోయిన రాకో గ్రిమాల్డి గూడ ఐదడుగుల ఆరంగుళాలే. కింది లీగుల మస్తు గోల్స్ కొట్టిండు, పై లీగుల మాత్రం గట్టిగ నిలదొక్కుకోలే. పొట్టోడైతే చాలు, ముందల హీరో అయితడు అనుకునుడు గూడ కొలత బద్దనే. ఉల్టా పట్టుకున్నరు, గంతే.

దెబ్బల సంగతి గూడ దాచొద్దు. 2022-23ల కాఫీల్డ్ 46 మ్యాచుల్ల 26 గోల్స్ కొట్టినంక భుజానికి ఆపరేషన్ అయి సీజన్ ఆగిపోయింది. మాంట్రియల్ టీము భయపడ్డదా అంటే లేదు. ఆ ఎండాకాలంల 8 ఏండ్లకు 6 కోట్ల 28 లక్షల డాలర్ల కాంట్రాక్టు రాసిచ్చింది. తర్వాత రెండు సీజన్లల్ల 82కు 82 మ్యాచులు ఆడిండు. 2024-25ల 37 గోల్స్ కొట్టిండు.

మరి పొట్టి పోరన్ని ఎట్ల అంచనా కట్టాలె? నేనైతే మూడు సంగతులు చూస్త. ఒకటి, బిళ్ల కర్రకు తాకినంక ఎంత జల్ది కొడుతున్నడు. కాఫీల్డ్ బలం గదే. గోలీ సర్దుకునేలోపు బిళ్ల వలల ఉంటది. రెండు, గుద్దులు పడే జాగకు, గోల్ ముందటికి పోతున్నడా, బయటబయట తిరుగుతున్నడా. చిన్న ఒళ్లున్నోడు గుద్దును బలంతోని ఆపలేడు, ముందే పసిగట్టి తప్పించుకోవాలె. గా తెలివి ఉందో లేదో పిల్లల లీగుల గూడ కనవడ్తది. మూడు, పోయే టీముల ఆయన ఆటకు జాగ ఉందా. గోల్ కొట్టేటోన్ని తీస్కపోయి గుద్దులాడే లైన్ల పెట్టి ఫెయిల్ అయిండనుడు ఎద్దును చెట్టెక్కుమన్నట్టే.

ఇంకో అన్యాయం గూడ ఉన్నది. ఆరడుగుల మూడంగుళాల పోరడు రెండేండ్లు సరిగ్గ ఆడకుంటే "టైమ్ పడ్తది, ఒళ్లు సెట్ గావాలె" అంటరు. ఐదడుగుల ఏడంగుళాలోడు నెల రోజులు తడబడితే "ముందే చెప్పినం" అంటరు. ఒకని ఓటమికి కారణాలు ఎతుకుతరు, ఇంకొకని ఓటమికి కారణం ముందే రాసిపెట్టి ఉంటది. నా పంచాది ఎత్తు చూసుడు మీద కాదు. ఓపికను ఎత్తును బట్టి పంచుడు మీద.

కాఫీల్డ్ కన్నా ముందు ఈ తోవల నడిచినోడు జానీ గోడ్రో. ఐదడుగుల తొమ్మిదంగుళాలు. 2011ల 104వ నంబర్ల కాల్గరీ ఏరుకుంది. 763 మ్యాచుల్ల 743 పాయింట్లు తెచ్చిండు. 2024 ఆగస్టుల తమ్మునితోని కలిసి సైకిల్ మీద పోతుంటే కారు గుద్ది ఇద్దరూ చనిపోయిన్రు. గోడ్రో జెర్సీ నంబర్ 13. అది జరిగిన నెల లోపల్నే కాఫీల్డ్ తన 22 నంబర్ ఇడిసిపెట్టి 13 తీసుకున్నడు.

మళ్లా జూన్ వస్తది. మళ్లా ఒక పొట్టి పోరని మీద ఫ్యాన్స్ లొల్లి పెట్టుకుంటరు. పెట్టుకోనియ్యి. మన కానిస్టేబుల్ సెలక్షన్‌ల గీత రాసి ఉంటది, 167 సెంటీమీటర్లున్న తమ్ముడు ఎంత మొత్తుకున్నా బద్ద ఇనదు. రాయని గీత కాడ మాత్రం మాట్లాడనీకి జాగ ఉంటది. అక్కడ ఆ పోరని దిక్కు నుంచి అడగాల్సింది ఒక్కటే: పక్కనున్న పొడుగోనికి ఎన్ని మ్యాచులు ఓపిక పట్టిన్రో, గీయనకు గూడ అన్నే పడతరా?